మాస్టారి నల్లరబ్బరు

ఇంతకాలం ఈ సంగతి నాకు ఎవరూ ఎందుకు చెప్పలేదండీ? టీటీ బ్యాటుకి ఒక పక్కన అతికించే రబ్బరు మారిస్తే డెబ్భై దాటిన మనిషి ఇంజినీరింగు కుర్రాణ్ణి నిలబెట్టి ఓడించగలడట! అదీ రూల్సుకి పూర్తిగా లోబడి, ఆట మొదలయ్యే ముందు బ్యాటు చేతికిచ్చి చూపించి మరీ. బందరులో పుట్టి, కాలేజీ రోజుల్లో క్లాసుల్లో కన్నా టీటీ బల్ల దగ్గరే ఎక్కువ కనపడిన నాకు ఇది అరవై దాటాక తెలిసింది. తెలిసిన దగ్గర్నించీ ఇంట్లోవాళ్ళకి అదే చెబుతున్నాను. వాళ్ళు వినడం మానేశారు. అందుకని మీ మీద పడ్డాను.

దివిసీమలో కోడూరు దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఒక ఊరికి పెళ్ళికి వెళ్ళాం. ముహూర్తం అర్ధరాత్రి దాటాక. సాయంత్రం ఊరు చూద్దామని బయల్దేరితే తుఫాను షెల్టరులోంచి టకటకమని బంతి చప్పుడు. 1977 నవంబరు 19 ఉప్పెన వేల ప్రాణాలు తీసుకుపోయాక ఈ తీరంలో కట్టుకుంటూ వచ్చిన రకం బిల్డింగు అది. కింద స్తంభాలు, పైన హాలు, గాలివాన రోజున ఊరంతా ఎక్కడానికి వెడల్పాటి మెట్లు. మామూలు రోజుల్లో ఆ హాల్లో టీటీ బల్ల వేసుకుంటున్నారు. బల్లకి ఒకవైపు గుడ్లవల్లేరులో ఇంజినీరింగు చదువుతున్న కుర్రాడు, పెళ్ళివారి తాలూకే. రెండోవైపు రిటైరైన లెక్కల మాస్టారు. మనిషి సన్నగా, ప్యాంటు చీలమండల దాకా మడిచి, కాన్వాసు బూట్లతో ఉన్నారు.

కుర్రాడు ఆట తెలిసినవాడే. ఫోర్‌హ్యాండు టాప్‌స్పిన్ కింద నించి పైకి బ్రహ్మాండంగా లాగుతున్నాడు. మాస్టారు బల్లకి దగ్గరగా నిలబడి బ్యాటు అడ్డం పెడుతున్నారు, అంతే. బంతి అవతల పడి ముందుకు దూకాల్సింది పోయి నీరసంగా ఆగుతోంది. కుర్రాడు మళ్ళీ లాగితే నెట్‌కి కొట్టుకుంది. కట్, అంటే వెనక్కి తిరిగే బంతి, వస్తోంది కాబోలని ఈసారి పుష్ చేశాడు. మాస్టారు అదే బ్యాటు అలాగే ముందుకి తోశారు. కుర్రాడు ఇంకో పుష్ చేస్తే బంతి పైకి లేచి బల్ల దాటిపోయింది. వాడు బ్యాటు వంక చూసుకున్నాడు, రబ్బరు షర్టుకి తుడుచుకున్నాడు, బంతి పగిలిందేమోనని చెవి దగ్గర పెట్టి ఊపి చూశాడు. మాస్టారు ఓపిగ్గా నిలబడ్డారు. గేము 11–4. వాడి టీషర్టు పిండితే చెంబెడు నీళ్ళొచ్చేలా ఉంది. ఈయన నుదురు పొడిగా ఉంది.

"మాస్టారూ, ఇదేం బ్యాటండీ?" అన్నాను.

"వేలితో రాసి చూడండి," అని చేతికిచ్చారు.

ఎర్రరబ్బరు వైపు మామూలే, నున్నగా వేలికి అంటుకుంటోంది. నల్లరబ్బరు వైపు తిప్పితే సన్నటి పొడుగాటి బొడిపెలు. వేలు ఆనిస్తే ఒరిగిపోయి, తీస్తే లేస్తున్నాయి, గాలికి నారుమడి వంగి లేచినట్టు. కింద స్పాంజి కూడా లేదు, రబ్బరు నేరుగా చెక్క మీదే అతికించి ఉంది. మా చిన్నప్పుడూ బొడిపెల బ్యాట్లు ఉండేవి, కానీ అవి పొట్టివి, గట్టివి. ఇలా వంగేవి నేనెప్పుడూ ముట్టుకోలేదు.

"లాంగ్ పింపుల్స్ అంటారండీ దీన్ని. మోకాళ్ళు పోయాక కొన్నాను. ముందే కొనాల్సింది," అన్నారాయన.

ఆ రాత్రి పెళ్ళిలో నాకు వియ్యాలవారి మర్యాదలు గుర్తులేవు. మాస్టారు భోజనాల బంతిలో నా పక్కనే కూర్చుని, గ్లాసులో బూందీ లడ్డు తిప్పి చూపిస్తూ చెప్పిన పాఠం గుర్తుంది. లెక్కల మాస్టారు కదా, తేల్చేదాకా వదల్లేదు. టాప్‌స్పిన్ అంటే బంతి పైభాగం అది వెళుతున్న వైపుకే తిరుగుతూ ఉండటం. నున్నటి రబ్బరు ఆ బంతిని పట్టుకుంటుంది, వచ్చిన స్పిన్ని ఆపి మన స్పిన్ ఎక్కిస్తుంది. అలా ఎక్కించాలంటే చెయ్యి జోరుగా కదలాలి, కాలు సమయానికి చేరాలి, నడుము తిరగాలి. పొడుగు పింపుల్స్ బంతిని పట్టుకోవు. వంగి, జారి, వదిలేస్తాయి. బంతి ఎటు తిరుగుతూ వచ్చిందో అటే తిరుగుతూ వెనక్కి పోతుంది. తిరగడం మారలేదు గానీ ప్రయాణం ఎదురైంది కదా, అందువల్ల వాడు పంపిన టాప్‌స్పిన్ వాడి దగ్గరికే కట్ అయి చేరుతుంది. వాడు ఎంత గట్టిగా తిప్పితే అంత గట్టి కట్. వాడి బలం వాడికే వడ్డీతో సహా! మనం చేయాల్సింది బ్యాటు సరైన కోణంలో పెట్టడం, తొందరపడకుండా ఉండటం. ఈ రెండోది కుర్రాళ్ళకి చేతకాదు.

ఇంత సులువైన సంగతికి నేను ఎందుకు ఉబ్బితబ్బిబ్బవుతున్నానో వయసులో ఉన్నవాళ్ళకి అర్థం కాకపోవచ్చు. టీటీ బల్ల పొడవు 2.74 మీటర్లు, అంటే తొమ్మిదడుగులు. అవతలివాడు కాస్త జోరుగా కొడితే బంతి మన దగ్గరికి రావడానికి అర సెకను పట్టదు. అరవై దాటాక కన్ను చూస్తుంది, బుర్రకి తెలుస్తుంది, చెయ్యి మాత్రం ఒక క్షణం ఆలస్యంగా బయల్దేరుతుంది. కుడివైపు అడుగు వేసేలోపల ఎడమ మోకాలు తన అభిప్రాయం చెబుతుంది. భుజం పైకి లేపితే రాత్రికి వేడినీళ్ళ కాపడం. మేం చేసే పనల్లా పాతికేళ్ళప్పటి ఆటనే నీరసంగా ఆడటం, ఓడటం, బల్ల వదిలేసి క్లబ్బులో పేకముక్కల దగ్గరికి చేరడం. మా బందరులో నేనెరిగిన మంచి ఆటగాళ్ళు ఎంతమంది అలా రమ్మీకి వలసపోయారో! వాళ్ళలో ఒక్కరికైనా, ఏమండీ, మీకింకో ఆట ఉంది, ఇంకో బ్యాటు ఉంది అని చెప్పినవాళ్ళు లేరు.

పెళ్ళినించి వచ్చాక తవ్వడం మొదలుపెట్టాను. ఇదేదో దివిసీమ మాస్టారి సొంత కిటుకు అనుకున్నానా, ప్రపంచంలో పెద్ద సంప్రదాయమే ఉంది! నీ షియాలియన్ అని ఒకావిడ. 1963లో పుట్టింది. 1983 టోక్యో ప్రపంచ పోటీల్లో చైనా తరఫున టైటిళ్ళు గెలిచింది. తరవాత లక్సెంబర్గ్ అనే చిన్న దేశానికి వెళ్ళి స్థిరపడి, వాళ్ళ తరఫున ఆడుతూనే ఉంది. ఎడమ చేతివాటం, పెన్ను పట్టుకున్నట్టు పట్టు, బ్యాటుకి లాంగ్ పింపుల్స్. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 17 ఏళ్ళ కొరియా అమ్మాయి షిన్ యూబిన్‌తో తలపడింది. ఇద్దరి మధ్యా 41 ఏళ్ళ తేడా. ఓడిపోయింది గానీ ఏడు గేములదాకా లాగింది. అదే ఏడాది హ్యూస్టన్ ప్రపంచ పోటీల్లో డబుల్స్‌లో కాంస్యం. 2024 పారిస్ ఒలింపిక్స్ నాటికి ఆవిడకి 61. మొదటి రౌండు గెలిచింది! రెండోదాంట్లో ప్రపంచ నంబర్ వన్ సున్ యింగ్షా ఎదురైంది కనక అక్కడితో ఆగింది. ఆవిడ ఆట వీడియోలు చూడండి. బల్ల దగ్గర నించి ఎంత తక్కువ కదులుతుందో చూడండి. పరిగెత్తేది అవతలి పిల్ల. నేను మా ఆవిణ్ణి పిలిచి చూపించాను. "ఆవిడ వయసుకి నేను చిన్నదాన్నే," అని ఒక్క ముక్క అని వెళ్ళిపోయింది. ఇప్పుడు తనూ ఒక బ్యాటు అడుగుతోంది.

మనవాళ్ళ సంగతీ తక్కువేం కాదు. 2018 కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ బంగారు పతకం గెలిచిన మణికా బత్రా బ్యాక్‌హ్యాండు వైపు వాడేది లాంగ్ పింపుల్సే. ర్యాలీ మధ్యలో బ్యాటు చేతిలోనే గిరుక్కున తిప్పి, ఎర్రదో నల్లదో అవతలివాళ్ళు పోల్చుకునేలోపల కొట్టేస్తుంది. 2024 ఫిబ్రవరిలో బూసాన్‌లో జరిగిన ప్రపంచ టీమ్ పోటీల్లో మన బెంగాలీ అమ్మాయి ఐహికా ముఖర్జీ ఇదే సున్ యింగ్షాని ఓడించింది. ఐహికా బ్యాక్‌హ్యాండు రబ్బరూ మామూలుది కాదు. అదే మ్యాచ్‌లో మన హైదరాబాదు అమ్మాయి ఆకుల శ్రీజ చైనాకే చెందిన వాంగ్ యిదీని ఓడించింది. మొత్తమ్మీద మ్యాచ్ మాత్రం చైనాదే అయింది. పిల్లలు ఇరవైల్లోనే ఇలాంటి రబ్బర్లు వాడుతుంటే మనం అరవైల్లో సిగ్గుపడటం దేనికి?

ఆచంట శరత్ కమల్‌ని మర్చిపోయానని మీరు అనుకోకముందే చెబుతాను. మద్రాసులో పెరిగిన మన తెలుగువాడు. పదిసార్లు జాతీయ ఛాంపియన్. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 40 నిండాక సింగిల్స్ బంగారం, శ్రీజతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ బంగారం కొట్టాడు. ఆయన రెండువైపులా నున్నటి రబ్బరుతో, నిఖార్సైన టాప్‌స్పిన్‌తో కొట్టాడు. నలభైలో అది అద్భుతం. కాకపోతే ఆ శరీరం కోసం ఆయన రోజూ చేసిన కసరత్తు మనం ఒక్క పూట చేస్తే అంబులెన్సు కావాలి. ఆయన్ని చూసి చప్పట్లు కొడదాం. దారికి మాత్రం నీ షియాలియన్ వెనకే వెళదాం.

ఇక నా బ్యాటు కథ. ఇప్పుడు నా నోట్లో రబ్బర్ల పేర్లే ఆడుతున్నాయి: ఫెయింట్ లాంగ్, కర్ల్, ఫ్రెండ్‌షిప్ 755, డావెయ్ 388డి. జపాను సరుకు ఖరీదు, చైనా సరుకు చవక. మొదటిసారికి చైనాదే చాలు. మాస్టారు ఫోన్లో చెప్పిన వైద్యం ఇదీ. చెక్క అయిదు పొరలది, అంతా కలపే, కార్బన్ పొరలు వద్దు. కార్బన్ వేగం కోసం, ఆ వేగాన్ని అదుపు చేయగల చేతుల కోసం. ఫోర్‌హ్యాండుకి నున్నటి రబ్బరు, కింద స్పాంజి ఒకటిన్నర మిల్లీమీటర్లు మించకుండా. స్పాంజి మందమైతే బంతి చేతిలో ఉండదు. బ్యాక్‌హ్యాండుకి స్పాంజి లేని లాంగ్ పింపుల్స్. వాళ్ళ భాషలో దీన్ని ఓఎక్స్ అంటారు. మొత్తం బరువు తగ్గేసరికి మోచేతి నొప్పి కూడా తగ్గిందని నా అనుభవం. స్పాంజి లేని రబ్బరు కాగితంలా పల్చగా ఉంటుంది, అతికించేటప్పుడు కింద గాలిబుడగ నిలిస్తే మళ్ళీ పీకాల్సిందే. విజయవాడలో చేయి తిరిగినవాళ్ళ చేత అతికించుకోవడం మంచిది.

మన సముద్రపు గాలిలో ఈ పింపుల్స్‌తో ఇంకో లాభం కూడా ఉంది. వానాకాలం మా బందరులో నున్నటి రబ్బరు మీద చెమ్మ పట్టి బంతి జారిపోతుంది, గేము గేముకీ తుడుచుకోవాలి. పింపుల్స్ ఎలాగూ పట్టుకునేవి కావు కనక వాటికి ఆ చెమ్మతో పెద్ద పేచీ లేదు. డెల్టాలో పుట్టిన రబ్బరేమో అనిపిస్తుంది నాకు!

ఇదంతా మంత్రం అనుకుంటారేమో, కాదు. గుడివాడలో ఒక పాతకాపు చేతిలో నా నల్లరబ్బరు బండారం బయటపడింది. ఆయన నాకు టాప్‌స్పిన్ ఇవ్వలేదు, కట్టూ ఇవ్వలేదు. మెల్లగా, చచ్చిన బంతులు నా బ్యాక్‌హ్యాండుకి పంపుతూ కూర్చున్నాడు. వచ్చిన స్పిన్నే తిప్పి పంపే రబ్బరుకి స్పిన్ లేని బంతి ఇస్తే అదేం పంపుతుంది? తేలిపోయే బంతి. ఆయన తీరిగ్గా స్మాష్ కొట్టాడు. ఆడేసిన తరవాత "టీ తాగుదాం రండి," అని తీసుకెళ్ళి మందు కూడా ఆయనే చెప్పాడు: అలాంటి బంతికి బ్యాటు తిప్పి నున్నటి వైపుతో కొట్టు, లేదా పింపుల్స్‌తోనే కాస్త ముందుకి, కిందికి గుచ్చినట్టు తోసెయ్. చూశారా, అరవై దాటాక నేర్చుకోవాల్సిన కొత్త పాఠాలు! పేకాటలో ఇవెక్కడివి?

ఆట తీరు కూడా మారాలి. డిఫెన్సు అనగానే బల్లకి పదడుగుల వెనక్కి పోయి చాప్ కొట్టేవాళ్ళు గుర్తొస్తారు. చూడటానికి అందంగా ఉంటుంది, కానీ అది కాళ్ళతో ఆడే ఆట, మనది కాదు. మనం బల్ల దగ్గరే ఉండి, బంతి లేచే లోపలే అడ్డం పెట్టాలి. సర్వీసు పొట్టిగా, రెండోసారి పడితే బల్లమీదే పడేలా. అవతలివాడి మోచేతి మీదికి పంపితే ఫోర్‌హ్యాండో బ్యాక్‌హ్యాండో తేల్చుకోలేక వాడు ఇరుక్కుంటాడు. అందని బంతిని వదిలెయ్యాలి. పాయింటు పోతే పోయింది, పదకొండులో ఒకటే కదా. 2001 దాకా గేము 21 పాయింట్లకి ఉండేది, ఇప్పుడు 11. 2000లో బంతిని 38 మిల్లీమీటర్ల నించి 40కి పెంచారు, వేగం కొంచెం తగ్గింది. ఈ రెండు మార్పులూ టీవీ కోసం చేశారంటారు గానీ లాభపడింది మనమే.

"పింపుల్స్ ఆట మోసమండీ," అనేవాళ్ళు ప్రతి క్లబ్బులోనూ ఉంటారు. వాళ్ళకి నేను 1952 చెబుతున్నాను. మన బొంబాయిలో ప్రపంచ పోటీలు, ఆసియాలో మొట్టమొదటివి. హిరోజి సాటో అనే జపానీ ఆటగాడు మందపాటి స్పాంజి అతికించిన బ్యాటుతో వచ్చాడు. అప్పటిదాకా అందరివీ గట్టి బొడిపెల బ్యాట్లు, కొడితే టక్కుమనేవి. సాటో బ్యాటుకి చప్పుడే లేదు. చెవితో ఆడటానికి అలవాటుపడ్డ మహామహులు బోల్తాపడ్డారు, సాటో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ రోజున స్పాంజినే మోసం అన్నారు. ఈ రోజున ఇంజినీరింగు కుర్రాడి బ్యాటులో ఉన్నది అదే స్పాంజి! ఇక లాంగ్ పింపుల్స్‌కి అంతర్జాతీయ సమాఖ్య లెక్కలు కట్టింది. 1999లో బొడిపె పొడవుకీ లావుకీ ఉండే నిష్పత్తి తగ్గించింది. 2008లో అసలు పట్టే లేని గాజులాంటి రబ్బర్లని నిషేధించింది. అప్పుడు జర్మనీలాంటి చోట్ల వయసు మళ్ళిన ఆటగాళ్ళు గోలగోల చేశారు. 1980ల మొదట్లో బ్యాటుకి రెండువైపులా ఒకే రంగు రబ్బర్లు వేసి తిప్పేవాళ్ళు. చప్పుడుతో పోల్చుకుంటారేమోనని సర్వీసు చేస్తూ కాలు నేలకేసి తన్నేవాళ్ళట కూడా! అది నిజంగా మోసమే. అందుకే 1986 నించి ఒకవైపు ఎరుపు, ఒకవైపు నలుపు ఉండాల్సిందే అన్నారు. 2021 నించి ఎరుపు బదులు నీలం, ఆకుపచ్చ, గులాబీ, ఊదా కూడా ఒప్పుకున్నారు, నలుపు మాత్రం తప్పనిసరి. ఇంత కాపలా మధ్య మిగిలిన రబ్బరుని మోసం అనడం న్యాయం కాదని నా తీర్పు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. బల్లకి రెండువైపులా పింపుల్స్‌వాళ్ళు నిలబడి ఒకరికొకరు తోసుకుంటూ ఉంటే చూసేవాడికి అది శిక్ష. 1936 ప్రేగ్ ప్రపంచ పోటీల్లో ఎర్లిష్, పానెత్ అనే ఇద్దరు తోసుకుంటూ పోతే ఒకే ఒక్క పాయింటు రెండు గంటలకి పైగా సాగింది. లాంగ్ పింపుల్స్ లేని రోజుల్లోనే! ఇప్పుడు రూలుంది. గేము పది నిమిషాలు దాటినా తేలకపోతే, ఇద్దరికీ కలిపి 18 పాయింట్లు రాకపోతే, ఇక మీదట పదమూడుసార్లు బంతిని తిప్పి పంపిన రిసీవరుకే పాయింటు. మా బందరులో దీన్ని ఎనిమిదికి తగ్గించుకున్నాం, పాలు తేవాల్సినవాళ్ళు ఉంటారు.

ఇంటి రూల్సు అనేసరికి ఇంకోటి. డబుల్స్‌లో భాగస్వాములు ఒకరి తరవాత ఒకరు కొట్టాలి, అందుకని కొట్టగానే పక్కకి తప్పుకోవాలి. ఈ తప్పుకోవడంలోనే పెద్దవాళ్ళు గుద్దుకుని పడుతుంటారు. వీల్‌చెయిర్ ఆటగాళ్ళ డబుల్స్‌లో సర్వీసు, దానికి జవాబు అయ్యాక ఇద్దరిలో ఎవరైనా కొట్టొచ్చు. వాళ్ళ సింగిల్స్‌లో సర్వీసు బంతి పక్కగీత మీంచి బయటికి పోతే లెట్, అంటే మళ్ళీ వెయ్యాలి. ఈ రెండూ మా బల్ల దగ్గరికి తెచ్చుకున్నాం. మా గొడవలు సగానికి సగం తగ్గాయి. భుజం పట్టేసినవాళ్ళు బంతిని 16 సెంటీమీటర్లు ఎగరెయ్యలేకపోతే అంపైరు సడలించవచ్చని అసలు రూల్సులోనే రాసి ఉంది. శరీరంలో లోపం కారణమైతే చాలు. ఈ ఆట పెద్దమనసు చూసి ముచ్చటేసింది.

జపానువాళ్ళు మరీ ముందుకెళ్ళారు. 1988లో పెద్ద బంతి ఆట ఒకటి మొదలెట్టారు. 44 మిల్లీమీటర్ల నారింజ బంతి, తేలిగ్గా ఉంటుంది, గాలిలో నెమ్మదిగా వస్తుంది. నెట్ మామూలు 15.25 సెంటీమీటర్లకి ఇంకో రెండు కలిపి 17.25 చేశారు. బ్యాటుకి బొడిపెలు పైకి ఉన్న రబ్బరే వాడాలి. స్పిన్ తగ్గుతుంది, ర్యాలీలు పెరుగుతాయి, అమ్మమ్మలూ తాతయ్యలూ గుంపులుగా ఆడుతున్నారు. మనకి ఆ బంతులు దొరకడం కష్టమే గానీ ఎన్నారై అల్లుళ్ళు తలుచుకుంటే సూట్‌కేసులో ఒక మూల పట్టనంత పెద్దవేం కావు. ప్రపంచ వెటరన్ల పోటీలు 1982లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో మొదలయ్యాయి, 2023లో మస్కట్‌లో, 2024లో రోమ్‌లో జరిగాయి. 2010లో డొరొతీ డిలో అనే ఆస్ట్రేలియా ఆవిడ తొంభై తొమ్మిదేళ్ళ వయసులో వెళ్ళి ఆడింది. తొంభై తొమ్మిదేళ్ళు! నాకింకా చాలా టైముంది.

కొన్ని చిన్న సంగతులు ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. పైన దూరం, కింద దగ్గర చూపించే కళ్ళద్దాలు పెట్టుకుని ఆడితే బంతి బల్ల మీద పడే చోట మసకేస్తుంది. ఒకే పవరుతో, బల్ల దూరానికి సరిపోయే అద్దాలు వేరే చేయించుకోండి. కళ్ళడాక్టరుకి "టీటీ ఆడతానండీ," అని చెబితే చాలు. తెల్లసున్నం కొట్టిన గోడముందు తెల్లబంతి కనపడదు, గోడ కింది సగం ముదురు ఆకుపచ్చో నీలమో వేయించాలి. మన డెల్టాలో నేల చెమర్చే రోజుల్లో గచ్చు జారుతుంది, ఆటకి ముందు పొడిగుడ్డతో తుడవాలి. ఫ్యానుగాలికి బంతి వంకర పోతుంది, ఆపాలి. మే నెలలో అది సాధ్యం కాదు, అందుకని తెల్లవారుజామున అయిదున్నరకి ఆడి ఏడుకి ముగించాలి. గుండెకి స్టెంటు వేయించుకున్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా బ్యాటు పట్టుకోవద్దు. మొదటి పది నిమిషాలు భుజాలు, మణికట్లు తిప్పుకోకపోతే మిగతా రోజంతా మంచం మీదే.

మాస్టారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఇంజినీరింగు కుర్రాడు సెలవలకి వచ్చి ఉన్నాడు. ఈసారి వాడు తెలివిగా చచ్చిన బంతులు పంపాడు, మొదటి గేము గెలిచాడు. మాస్టారు నవ్వి, బ్యాటు తిప్పి, ఎర్రరబ్బరుతో రెండు స్మాష్‌లు కొట్టారు. ఆ వయసులో స్మాష్! వాడు బిత్తరపోయి మళ్ళీ టాప్‌స్పిన్‌లోకి వెళ్ళాడు, మళ్ళీ నల్లరబ్బరుకి దొరికాడు. "వాడికి ఇంకో ఏడాదిలో ఇదంతా తెలిసిపోతుందండీ, ఈలోగా గెలిచినన్ని గెలుచుకోవాలి," అన్నారు.

బందరు, గుడివాడ, చల్లపల్లి, అవనిగడ్డ కాలేజీల్లో, క్లబ్బుల్లో, ఆఫీసుల మేడల మీద మడతపెట్టి గోడకి ఆనించిన టీటీ బల్లలు ఎన్నో ఉన్నాయి. వాటి తాళాలు చేతిలో ఉన్న పెద్దలు పొద్దున్న ఒక గంటన్నర అరవై దాటినవాళ్ళకి తలుపు తీస్తే చాలు. మీలో ఎవరికైనా చూడాలనిపిస్తే ముందే డబ్బు పెట్టి బ్యాటు కొనకండి. ఉన్నవాళ్ళ దగ్గర అడిగి తీసుకుని కొన్నాళ్ళు ఆడి చూడండి, అందరికీ ఈ రబ్బరు పడదు. మా బల్ల దగ్గరికైనా రండి, నా బ్యాటు ఇస్తాను. బూట్లు మాత్రం తెచ్చుకోండి, చెప్పులతో ఆడనివ్వం.